నెల రోజుల లెక్క: పెట్రోలు నిలవ గురించి యంత్రాల పుస్తకాలు చెప్పనిది

మందు కొట్టే యంత్రం కొన్న రైతుకు దానితోపాటు ఒక చిన్న పుస్తకం ఉచితంగా వస్తుంది. గడ్డి కోసే బ్రష్ కట్టరుకు, కలుపు తీసే పవర్ వీడరుకు, నీరు తోడే చిన్న ఇంజనుకు కూడ అటువంటి పుస్తకమే ఉంటుంది. కాగితం మంచిది, బొమ్మలు బాగుంటాయి. అయినా అది అట్టపెట్టెలో నుండి బయటికి రావడం అరుదు. ఒకవేళ వచ్చినా, పెట్రోలు నిలవను గురించి అందులో ఉండే రెండు మూడు వాక్యాలను చదివేవారు ఇంకా అరుదు. చదివినవారికి మాత్రం ఒక అంకె జ్ఞాపకం ఉండిపోతుంది. అది 30 రోజులు. నూనె కలిపిన పెట్రోలును 30 రోజులకు మించి నిలవ ఉంచరాదని స్టిల్ వంటి పేరు మోసిన తయారీదారులు తమ పుస్తకాలలో హెచ్చరిస్తారు.

ఇటువంటి పుస్తకాన్ని ఒక రచనగా తీసికొని గుణదోషాలు విచారించడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలలో హైస్కూలు చదువు ముగిసిన తరువాత ఎందరో యువకుల చేతికి వచ్చే విజ్ఞానశాస్త్ర వాఙ్మయం ఇంచుమించు ఇదే. పురుగుమందు సీసా మీది చీటీ, ఎరువు సంచి మీది అచ్చు, ఈ యంత్రపు పుస్తకం. కథల పుస్తకాన్ని విమర్శించినప్పుడు ఒక పాఠకుని అభిరుచి మాత్రమే ప్రశ్నకు వస్తుంది. ఈ పుస్తకం తప్పితే కంది పూత మీద ఉన్న వేళ, కాయతొలుచు పురుగు కనబడిన మూడవనాడు, యంత్రం చేనులో ఆగిపోతుంది. అంతకంటె పెద్ద ప్రమాదాలు కూడ దాని వెనుక ఉన్నవి.

ఆ 30 రోజులు ఎక్కడివి అన్నది మొదటి ప్రశ్న. ఈ యంత్రాలు పుట్టిన దేశాలలో వాని ముఖ్యమైన పని ఇంటి ముందరి పచ్చికను కత్తిరించడం, తోటలో కొమ్మలు నరకడం. అక్కడ పచ్చిక వసంతంలో మొదలై శరదృతువు దాకా పెరుగుతుంది. తరువాత మంచు పడుతుంది. యంత్రం నాలుగైదు నెలలు కొట్టంలో నిద్రపోతుంది. ఆ పుస్తకాలలో 'శీతకాలపు నిలవ' అనే అధ్యాయం ప్రత్యేకంగా ఉండటానికి కారణమిదే. పెట్రోలు నిలవ ఉండే కాలం, చలి కాలం ఒకటే కావడం అక్కడి వారి అదృష్టం.

పశ్చిమ ప్రకాశంలో పంచాంగం తలక్రిందులు. పత్తికి, మిరపకు, కందికి మందు కొట్టే పని వానలతో ప్రారంభమై సంక్రాంతి నాటికి ఇంచుమించు ముగుస్తుంది. మాఘం వెళ్ళిన తరువాత యంత్రం రేకుల కొట్టంలో మేకుకు వ్రేలాడుతుంది. మళ్ళీ దానిని దించేది ఆషాఢ శ్రావణాలలో. అంటే ఇక్కడ యంత్రం నిద్రపోయేది ఎండాకాలంలో. నల్లమల కొండలకు తూర్పున, రాతినేల మీద, 40 డిగ్రీలు దాటడం వింత కాని ఊళ్ళలో, రేకుల క్రింద, టాంకీలో సగం పెట్రోలుతో నిద్రపోతుంది. పుస్తకం ఈ సంగతి ఎరుగదు. శీతకాలానికి వ్రాసిన అధ్యాయాన్నే తెలుగు చేసి, 'శీతకాలపు' అన్న మాటను తీసివేసి, 'దీర్ఘకాలపు' అని పెట్టినంత మాత్రాన అది ఇక్కడి పుస్తకం కాజాలదు.

అందులో తరచుగా కనిపించే మరొక వాక్యం ఇంధనాన్ని చల్లని, పొడి ప్రదేశంలో ఉంచమని చెబుతుంది. మే నెలలో మార్కాపురంలో పొడి ప్రదేశానికి కొదువ లేదు. చల్లని ప్రదేశం ఎక్కడ ఉన్నదో అనువాదకుడు చెప్పి ఉంటే బాగుండేది.

పాఠశాల పుస్తకాలను కూడ ఈ సందర్భంలో విడిచిపెట్టడానికి వీలు లేదు. వానిలో పెట్రోలు అంటే ముడిచమురు అంశిక స్వేదనపు పట్టికలో ఒక వరుస. ఇన్ని డిగ్రీలకు మరుగుతుంది, మోటారు వాహనాలలో వాడతారు. అంతటితో సరి. పాలు విరుగుతాయని, నూనె కంపు కొడుతుందని, ఇనుము తుప్పు పడుతుందని చెప్పే పుస్తకం పెట్రోలుకు వయస్సు ఉన్నదని చెప్పదు. ఆ వరుసను కాస్త విప్పి చూస్తే విషయమంతా అందులోనే ఉన్నది. పెట్రోలు ఒక పదార్థం కాదు. నాలుగు మొదలు పన్నెండు దాకా కర్బన పరమాణువులున్న ఉదకర్బనాలు వందలకొద్దీ కలిసిన మిశ్రమం. అందులో ఐసోపెంటేను 28 డిగ్రీలకే మరుగుతుంది. పెంటేను 36కు, హెక్సేను 69కి. మరికొన్ని 200 డిగ్రీల దాకా కదలవు. యంత్రపు తాడు మొదటిసారి లాగినప్పుడు, ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడు, ఆవిరియై నిప్పందుకునేది ఈ తేలిక అంశమే. బరువైనవి ఇంజను వేడెక్కిన తరువాత పనికి వస్తాయి.

గ్రామాలలో పెట్రోలును గురించి ఒక సిద్ధాంతం ఉన్నది. పెట్రోలు పాడయ్యేది కాదు, ఉంటే ఉంటుంది, లేకుంటే ఆవిరై పోతుంది, మిగిలినది మంచిదే అని. ఇందులో మొదటి సగం ఎంత సరియైనదో రెండవ సగం అంత తప్పు. ఆవిరి కావడం వాస్తవమే. కాని అన్నీ సమానంగా ఆవిరి కావు. ముందుగా పోయేవి ఐసోపెంటేను, పెంటేను వంటివే. మిగిలినది చూపుకు పెట్రోలే, గుణానికి కాదు. పాలలో మీగడ తీసివేసి మిగిలినవి కూడ పాలే అన్నట్లుంటుంది ఈ వాదం. రైతు తాడు లాగి లాగి అలసిపోవడానికి మొదటి కారణమిది.

ఎంత పోతుంది? పలకల ఊరిలో పలక మీదనే చేయదగిన లెక్క ఇది. అయిదు లీటర్ల డబ్బాలో ఒక లీటరు పెట్రోలు ఉన్నదనుకోండి. మిగిలిన నాలుగు లీటర్ల చోటులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసి ఉంటాయి. తెల్లవారుజామున 28 డిగ్రీలు, మధ్యాహ్నం కొట్టంలో 43 డిగ్రీలు. ఆవిరి పీడనం తెల్లవారుజామున 40 కిలోపాస్కళ్ళు, మధ్యాహ్నం 65 అని ఉజ్జాయింపుగా తీసికొనవచ్చును. డబ్బా మూత వదులుగా ఉంటే లోపలి మొత్తం పీడనం ఎల్లప్పుడు బయటి పీడనానికి, అంటే సుమారు 101కి, సమానంగానే ఉంటుంది. డాల్టన్ నియమం ప్రకారం గాలి వాటా తెల్లవారుజామున 61, మధ్యాహ్నం 36. ఉష్ణోగ్రతను కూడ లెక్కలోనికి తీసికొంటే, తెల్లవారుజామున లోపల ఉన్న గాలిలో నూటికి 44 పాళ్ళు మధ్యాహ్నానికి బయటికి వెళ్ళిపోయిందని తేలుతుంది. పెట్రోలు లేని ఖాళీ డబ్బా అయితే వ్యాకోచం వలన పోయేది నూటికి 5 పాళ్ళే. తేడా అంతా ఆవిరి నెట్టివేయడం వలన వచ్చినదే.

వెళ్ళే గాలి ఒంటరిగా వెళ్ళదు. ఇంచుమించు తనతో సమానమైన సంఖ్యలో పెట్రోలు అణువులను వెంటబెట్టుకొని పోతుంది. వాని బరువు సుమారు 3 గ్రాములు. ద్రవంగా చూస్తే 5 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్క రోజుకు ఇంత. తేలిక అంశం తగ్గిన కొద్దీ ఆవిరి పీడనం తగ్గి నష్టం కూడ మందగిస్తుంది గనుక దీనిని 30తో గుణించి వేయరాదు. అయినా నెల తిరిగేసరికి లీటరులో పదవ వంతు దాకా పోవడం ఆశ్చర్యం కాదు. అది కూడ మేలైన పదవ వంతు.

రాత్రి చల్లబడినప్పుడు డబ్బా తిరిగి గాలి పీల్చుకుంటుంది. ఈసారి లోపలికి వచ్చేది ఆమ్లజనితో కూడిన తాజా గాలి. పగలు పెట్రోలును వదలి, రాత్రి ఆమ్లజనిని పీల్చే డబ్బా ఇది.

ఇక్కడ రెండవ మార్పు మొదలవుతుంది. మొదటిది భౌతికమైన మార్పు, ఇది రసాయనికమైనది. శుద్ధి కర్మాగారాలలో బరువైన నూనెల పెద్ద అణువులను విరిచి పెట్రోలుగా చేసే పద్ధతి ఉన్నది. ఆ విధంగా పుట్టిన ఉదకర్బనాలలో కొన్నింటికి జంట బంధాలుంటాయి. వీనినే ఒలిఫీనులు అంటారు. ఆమ్లజని వీనితో కలిసి మొదట పెరాక్సైడులను ఏర్పరుస్తుంది. ఒక పెరాక్సైడు మరికొన్ని అణువులను కదిలిస్తుంది. గొలుసు సాగి సాగి చివరకు చిన్న అణువులు ఒకదానికొకటి అతుకుకొని జిగురు అవుతుంది. వంటింటి నూనె డబ్బా అంచున చేరే మైనపు బంకకు ఇది దగ్గరి చుట్టం. కార్బురేటరులో పెట్రోలు పోయే రంధ్రాలు సూది మొనకు కూడ ఇరుకైనవి. వానిలో ఈ బంక పొరగా పేరుకుంటే పెట్రోలు రాదు. గిద్దలూరు బజారులో మెకానిక్కు 'కార్బురేటరు కడగాలి' అని చెప్పే జబ్బు సాధారణంగా ఇదే.

ఆమ్లజనిని తట్టుకునే శక్తిని కొలవడానికి ప్రయోగశాలలో ఒక పరీక్ష ఉన్నది. పెట్రోలును గట్టి ఉక్కు పాత్రలో పోసి, వాతావరణ పీడనానికి సుమారు ఏడు రెట్ల పీడనంలో ఆమ్లజనిని నింపి, 100 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఎంతసేపటికి పెట్రోలు ఆమ్లజనిని వేగంగా మ్రింగడం మొదలు పెడుతుందో చూస్తారు. భారత ప్రమాణం ప్రకారం కనీసం 360 నిమిషాలు అది తట్టుకోవాలి. ఆ గడువు రావడానికి శుద్ధి కర్మాగారంలో ఫినాలుల వంటి ఆమ్లజని నిరోధకాలను కొద్దిగా కలుపుతారు. నిరోధకం ఉన్నంతవరకు పెరాక్సైడు గొలుసు తెగిపోతూ ఉంటుంది. అది ఖర్చు అయిన తరువాత జిగురు త్వరపడుతుంది. అందుచేతనే పెట్రోలు క్రమంగా పాడయినట్లు కనబడక, కొంతకాలం బాగుండి ఒక్కసారిగా పాడయినట్లు కనబడుతుంది. 'మొన్నటిదాకా బాగానే ఉన్నది' అనే రైతు మాట అబద్ధం కాదు.

రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపవుతుందని ఉపాధ్యాయులు తరగతిలో చెబుతారు. ఈ సూత్రాన్ని గౌరవించిన చమురు సంస్థ ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియాలోని బి.పి. సంస్థ తన వినియోగదారులకు ఇచ్చిన సూచనలో, ముద్ర తీయని డబ్బాలో, నీడలో పెట్రోలు ఏడాది నిలుస్తుందని, ముద్ర తీసిన తరువాత 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలు, 30 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలుస్తుందని, యంత్రపు టాంకీలో అయితే నెల మాత్రమే అని వ్రాసింది. పది డిగ్రీలకు సగం. ఇదే వరుసలో 40 డిగ్రీలకు పోతే ముద్ర తీసిన డబ్బాకు నెలన్నర వస్తుంది. టాంకీకి ఎంత వస్తుందో విద్యార్థి కూడ ఊహించగలడు. వేడిదేశపు అనుభవం ఉన్నవారు వ్రాసిన సూచనకు, మంచుదేశపు అధ్యాయానికి తేడా ఇక్కడ కనబడుతుంది. మొదటి దానిలో రోజుల లెక్క పక్కన డిగ్రీల లెక్క ఉన్నది. డిగ్రీలు చెప్పని రోజుల లెక్క, ధర ఉండి తూకం లేని చీటీ వంటిది.

పుస్తకాలన్నీ ఒక్క తీరుగా లేవని కూడ ఒప్పుకోవాలి. హోండా చిన్న ఇంజనుల పుస్తకం ఇందులో మెరుగు. పెట్రోలు ఎంతకాలం నిలుస్తుందన్నది దాని కూర్పు మీద, నిలవ ఉన్న చోటి వేడి మీద, టాంకీ నిండుగా ఉన్నదా సగం ఉన్నదా అన్నదాని మీద ఆధారపడుతుందని, పోసేనాటికే అది పాతదైతే గడువు మరింత తగ్గుతుందని అందులో వివరించారు. కారణం చెప్పిన పుస్తకాన్ని పాఠకుడు తన ఊరికి అన్వయించుకోగలడు. ఆజ్ఞ మాత్రమే ఇచ్చిన పుస్తకాన్ని పాటించడమో, పారవేయడమో తప్ప మరేమీ చేయలేడు.

మరొక చోట పుస్తకాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. కొన్ని టాంకీని నిండుగా నింపి పెట్టమంటాయి, కొన్ని పూర్తిగా ఖాళీ చేయమంటాయి. రెండింటికీ కారణం ఉన్నది, ఏ పుస్తకమూ రెండవ దాని కారణం చెప్పదు. నిండు టాంకీలో గాలికి చోటు లేదు గనుక పై లెక్కలోని ఉచ్ఛ్వాస నిశ్వాసాలు తక్కువ. పెద్ద లోహపు టాంకీకి, లోపల తుప్పు పట్టే భయం ఉన్నదానికి, ఇది మంచి పద్ధతే. వీపున తగిలించుకునే స్ప్రేయరు సంగతి వేరు. దాని టాంకీ ఒకటి రెండు లీటర్లు, అది కూడ ప్లాస్టిక్కుది. అసలు జబ్బు కార్బురేటరులో మిగిలిపోయే నాలుగు చుక్కలది. నాలుగు నెలల ఎండకు ఆ యంత్రాన్ని సిద్ధం చేయాలంటే టాంకీ వంచివేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపించడమే సరియైనది. నిలవను కాపాడే రసాయనం కలపమని కొన్ని పుస్తకాలు సలహా ఇస్తాయి. అది తాజా పెట్రోలులో కలిపితేనే పని చేస్తుంది. పాడయిన దానిని బాగు చేయలేదు. పల్లె దుకాణంలో అడిగితే దొరికే సరుకు కూడ కాదు.

ఇటీవల మరొక సిద్ధాంతం ప్రబలినది. యంత్రం ఆగితే చాలు, నేరమంతా పెట్రోలులో కలిపిన ఇథనాల్‌దే అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో 2003లో నూటికి 5 పాళ్ళతో ఆరంభమైన ఈ కలయిక 2025 నాటికి దేశమంతటా సగటున 20 పాళ్ళకు చేరింది. ఇథనాల్ నిర్దోషి కాదు. ఇంజనుకు పెట్రోలు ఇచ్చే శక్తిలో అది ఇచ్చేది మూడింట రెండు వంతులే. గాలి పాలును తనంతట తాను సరిదిద్దుకునే ఏర్పాటు కొత్త కార్లకు ఉన్నది, స్ప్రేయరు కార్బురేటరుకు లేదు. పాత రబ్బరు గొట్టాలను, పొరలను అది ఉబ్బించవచ్చును. కాని 'గాలిలోని తేమను పీల్చి పెట్రోలును నీరు చేస్తుంది' అని అందరూ చెప్పే మాటను మార్కాపురం వేసవికి వర్తింపజేసి చూడవలె. 43 డిగ్రీల వద్ద, నూటికి పాతిక తేమ ఉన్న గాలిలో నాలుగు లీటర్లకు ఉండే నీరు ఒక గ్రాములో పదహారవ వంతు. రోజుకు అందులో సగం గాలి మారినా నెలకు డబ్బాలోనికి వచ్చే నీరు ఒక గ్రాము. నూటికి 10 పాళ్ళు ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు 15 డిగ్రీల చలిలోనే సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని విడిపోకుండా ఇముడ్చుకోగలదు. ఇథనాల్ పెరిగినా, వేడి పెరిగినా ఆ శక్తి పెరుగుతుంది. కాబట్టి ఇక్కడి వేసవి గాలి మీద వేసిన నేరం నిలవదు. సముద్రతీరపు గాలిని చూసి చేసిన ఆరోపణ అది.

అయితే నీరు ఎక్కడి నుండి వస్తుంది? యంత్రం పేరులోనే సమాధానం ఉన్నది. స్ప్రేయరు నీటితో పనిచేసే సాధనం. మందు కలిపిన బకెట్టు, తడి చేతులు, కడిగి ఆరబెట్టని గరాటు, మందు నీళ్ళు కొలిచిన చెంబుతోనే పెట్రోలు కొలవడం. ఒక్క గరాటు తడి ఒక నెల గాలి తేమకు సమానం. నీరు హద్దు మీరితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటి పక్షం చేరుతుంది. రెండూ కలిసి అడుగున వేరు పొరగా దిగుతాయి. ఉపాధ్యాయుడు 10 మిల్లీలీటర్ల పెట్రోలును సన్నని కొలగొట్టంలో పోసి, 2 మిల్లీలీటర్ల నీరు చేర్చి కుదిపి నిలబెడితే, అడుగు పొర రెండు దగ్గర ఆగక నాలుగుకు చేరువగా వచ్చి నిలుస్తుంది. దీనిని ఆరుబయట, మంటకు దూరంగా, ఉపాధ్యాయుడే చేసి చూపవలె. పిల్లల చేతికి ఇవ్వరాదు. నూనె కలిపి నడిపే టూ-స్ట్రోక్ ఇంజనుకు ఈ అడుగు పొర ప్రాణాంతకం. ఎందుకంటే నూనె పై పొరలో పెట్రోలుతోనే ఉండిపోతుంది. టాంకీలో పెట్రోలు పీల్చే గొట్టపు కొస అడుగున ఉంటుంది. ఇంజనుకు అందేది నూనె చుక్క లేని నీరు, ఇథనాల్. కందెన లేని పిస్టను సిలిండరుకు పట్టుకుపోతుంది. నూనె కలిపిన పెట్రోలుకు గడువు కఠినంగా పెట్టిన పుస్తకం ఈ ఒక్క వాక్యం వ్రాసి ఉంటే పాఠకుడు ఆ గడువును గౌరవించి ఉండేవాడు.

గడువు ఎప్పటి నుండి లెక్క పెట్టాలన్నది కూడ పుస్తకం దృష్టికి రాలేదు. బంకుకు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరిలో పెట్రోలు కిరాణా కొట్టులో లీటరు సీసాలలో దొరుకుతుంది. కొట్టు ముందు ఎండలో వరుసగా నిలబెట్టిన కూల్‌డ్రింకు సీసాలు, లోపల లేత నారింజ రంగు ద్రవం. ఇది చూడని ఊరు తక్కువ. ఆ సీసా ఎప్పుడు నిండినదో కొట్టువానికి కూడ జ్ఞాపకం ఉండదు. రైతు కొన్న నాడే దానికి పదిహేను రోజుల వయస్సు ఉండవచ్చును. వెలుతురు సోకే పారదర్శకమైన సీసాలో, రోజూ మూత తీసి వేసే సీసాలో గడిచిన పదిహేను రోజులు. నెల లెక్క ఇక్కడ మొదలే తప్పుతుంది.

ఈ విషయంలో 1934 నాటి పెట్రోలియం చట్టం యంత్రపు పుస్తకాలకంటె స్పష్టమైన రచన. అమ్మకానికి కాక సొంత వాడకానికి 30 లీటర్ల లోపు పెట్రోలు ఉంచుకునేవానికి లైసెన్సు అక్కరలేదని దాని ఎనిమిదవ సెక్షను చెబుతుంది. ఆ 30 లీటర్లు, పుస్తకంలోని 30 రోజులు యాదృచ్ఛికంగా ఒకే అంకె కావడం వలన పొరపాటు పడరాదు. అట్లా ఉంచుకునే పాత్ర గాజుది, పింగాణి మట్టిది, లోహపుది మాత్రమే అయి ఉండాలి, మూత గట్టిగా బిగియాలి. గాజు, పింగాణి అయితే లీటరుకు మించరాదు, లోహం అయితే 25 లీటర్లకు మించరాదు. ఈ జాబితాలో ప్లాస్టిక్కు సీసా పేరు లేదు. కొట్టులో అమ్మకానికి ఉంచినదానికి ఈ మినహాయింపే లేదు. యంత్రపు పుస్తకం 'ఆమోదించబడిన పాత్రలో నిలవ ఉంచుడు' అని మాత్రం అంటుంది. ఎవరు ఆమోదించినది, దేనితో చేసినది అన్న ప్రశ్నను పాఠకునికే వదలివేస్తుంది.

పాత్రను గురించి ఇంత పట్టింపు ఎందుకో పై లెక్కలోనే ఉన్నది. మూత గట్టిగా బిగించిన డబ్బాలో అదే మధ్యాహ్నం పీడనం 101 నుండి సుమారు 129కి పెరుగుతుంది. వాతావరణ పీడనంలో పావు వంతుకు మించిన ఒత్తిడి లోపలి నుండి పనిచేస్తుంది. మంచి లోహపు డబ్బాకు అది లెక్కలోనిది కాదు. పలుచని సీసా ఉబ్బుతుంది, మూత దగ్గర కారుతుంది. మధ్యాహ్నం అటువంటి మూతను ఒక్కసారి తిప్పితే ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది. డబ్బా మూతను తెల్లవారి చల్లని వేళ తీయవలెనన్న చిన్న మాట ఏ పుస్తకంలోనైనా ఉంటే దానిని మెచ్చుకోవలసినదే. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల వెంట పాకుతుంది, గడప దాటుతుంది, పొయ్యిని వెదుక్కుంటూ పోతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఉన్నా చాలు, నిప్పు అందుకుంటుంది. సున్నకు 40 డిగ్రీలు దిగువన కూడ అంటుకోదగిన ఆవిరిని ఇచ్చే ద్రవానికి వంటింటి పక్క గది తగిన చోటు కాదు.

అన్నిటికంటె ఘోరమైనది నీళ్ళ సీసా. వేసవిలో ఆడుకొని వచ్చిన పిల్లవాడు చేతికందిన నీళ్ళ సీసా ఎత్తుకుంటాడు. పెట్రోలు కడుపులోనికంటె ఊపిరితిత్తులలోనికి పోవడం వలన ఎక్కువ హాని చేస్తుంది. కనుక మ్రింగినవానికి ఉప్పునీళ్ళు త్రాగించి, గొంతులో వ్రేలు పెట్టి వాంతి చేయించడం అపాయకరం. ఎక్కి వచ్చిన పెట్రోలు రెండవసారి ఊపిరితిత్తుల దారి పట్టవచ్చును. చేయవలసినది వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవడం. ఈ హెచ్చరిక యంత్రపు పుస్తకంలో ఉంటే చివరి పేజీలలో, అన్నిటికంటె చిన్న అక్షరాలలో ఉంటుంది. ఏ మాట పెద్ద అక్షరాలలో ఉండాలో నిర్ణయించడం కూడ రచనలో భాగమే.

ఇన్ని చెప్పిన తరువాత పశ్చిమ ప్రకాశపు రైతుకు ఆ పుస్తకం ఏమి చెప్పి ఉండవలసినది? సంక్రాంతి తరువాత నిలవ ఉంచదగిన పెట్రోలు ఎంత అంటే, ఏమీ లేదు అన్నదే సమాధానం. డీజిలుకు ఈ నియమం ఇంత కఠినం కాదు. అది బరువైనది, ఆవిరి తక్కువ. దాని శత్రువు ఎక్కువగా అడుగున చేరే నీరు. పెట్రోలు మాత్రం పని ఉన్న రోజులలో కూడ వారానికి సరిపడా తెచ్చుకొని, లోహపు డబ్బాలో, గట్టి మూతతో, ఇంటికి దూరంగా వేపచెట్టు నీడన ఉన్న పూరికొట్టంలో ఉంచవలె. తెచ్చిన తేదీని డబ్బా మీద సుద్దతో వ్రాయవలె. టూ టీ ఆయిల్‌ను డబ్బాలో కలపరాదు. ఏ పూటకు ఆ పూట, పొడి గరాటుతో, కావలసినంతే కలుపుకోవలె. అట్లా చేస్తే ఏడాది పని ముగిసిన నాడు మిగిలినది నూనె కలవని పెట్రోలే గనుక మోటారుసైకిలు టాంకీలో పోసికొనవచ్చును, చుక్క వృథా పోదు.

పాత డబ్బా ఒకటి మూలన దొరికితే దానిని పోల్చడం కష్టం కాదు. తాజా పెట్రోలు వాసన ముక్కుకు చురుక్కుమంటుంది. పాతబడినది వార్నీషు వాసన, పులిసిన వాసన వేస్తుంది, రంగు ముదురుతుంది, గాజు సీసాలో పోసి చూస్తే అడుగున మసక పొరో, బంకో కనబడుతుంది. అటువంటి దానిని స్ప్రేయరులో పోయరాదు, బావి దగ్గరా చేలోనూ పారబోయరాదు, చెత్తకు నిప్పు పెట్టడానికి వాడరాదు. యంత్రాలు బాగుచేసే వాడుక దుకాణానికి, అతడు తీసికొంటాడో లేదో అడిగి, మూత బిగించిన డబ్బాతోనే అప్పగించవలె.